కొల్లేటి పల్లములో మూడు దినములు

దేవుని కృపనుబట్టి 2025 జనవరిలో, సంక్రాంతి సెలవులు ముగిసిన వారము, మేము ఐదుగురము తాడేపల్లిగూడెము, ఏలూరుల మీదుగా కొల్లేటి లంక గ్రామమొకదానికి వెళ్లి వచ్చాము. మాలో ఇద్దరు సహోదరీలు ఉన్నారు. ఆ గ్రామ సంఘకాపరి మాకు పాత పరిచయస్థులు. శుక్ర, శని, ఆదివారములు మూడు సాయంకాలములు వాక్యము చెప్పాలని, అది కూడా ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమే కావాలని ఆయన ఫోనులో కోరారు. ఆ అధ్యాయమే ఎందుకని అడిగితే, "వచ్చాక మీకే తెలుస్తుందండి" అన్నారు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ వ్రాయుట లేదు. కారణము చదువరులు ముందుకు వెళ్లిన కొద్దీ గ్రహిస్తారు.

గురువారము ఉదయము తాడేపల్లిగూడెములో దిగాము. చుట్టుప్రక్కల వారందరికీ అది ఉత్త 'గూడెం'. కర్నూలు వైపు నుంచి లారీలలో వచ్చే ఉల్లిపాయలకు ఇది పెద్ద మార్కెట్టు. బస్తాలు దింపే హమాలీల కేకలు, తూకాలు, బేరాలు, వీటి మధ్య నుంచి నడిచి మేము బస చేయవలసిన ఇంటికి చేరాము. ఆ ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. సాయంత్రము మమ్మును పాత విమానాశ్రయము వైపు నడిపించుకొని వెళ్లారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో యుద్ధ విమానాల కొరకు వేసిన రన్‌వే అది. ఇప్పుడు అక్కడ విమానాలు దిగవు. మేము వెళ్లిన వేళ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, ఒక కుర్రవాడు తన చెల్లెలికి స్కూటీ నేర్పిస్తున్నాడు. ఒకప్పుడు సామాన్యుడు దగ్గరకు కూడా పోలేని చోటు గదా అనుకున్నాము.

ఆ ప్రక్కనే పోయే కాలువల మాట వచ్చింది. పశ్చిమ గోదావరి వాసులకు కాటన్ దొరను గూర్చి చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్ట ఈ నేలకు అన్నము పెట్టింది. ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి, అది న్యాయమే. అయితే మా ఉపాధ్యాయులవారు మరి ఇద్దరి పేర్లు చెప్పారు. విలియం బౌడెన్, జార్జి బీర్. ఎక్సెటర్ పట్టణములో పండ్ల వైద్యము మానుకొని ప్రభువు పనికి బయలుదేరిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు విని, వీరిరువురు భార్యలతో కూడ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతము నుండి 1836లో వచ్చారు. గొప్ప చదువులు చదివినవారు కారు, చేతిపనుల వారు. జీతమిచ్చే మిషనరీ సొసైటీ ఏదీ వారి వెనుక లేదు. నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములో తెలుగు నేర్చుకొని, ఆనకట్ట పని జరిగే కాలములో ధవళేశ్వరము వెళ్లి కూలీల మధ్య కూడ సువార్త చెప్పారు. గోదావరి డెల్టా మిషన్ అని తరువాత పేరుపడిన పని వారితో మొదలయింది. ఆనకట్ట రాకముందే వారు ఈ నేల మీద ఉన్నారు, కరువులు, వరదలు చూచారు. వారి విగ్రహము మాత్రము మాకు ఎక్కడా కనిపించలేదు. ఉపాధ్యాయులవారు దానికి విచారపడలేదు. "విగ్రహం పెడితే దండ ఎవరు వెయ్యాలని మనవాళ్లు దెబ్బలాడుకుంటారండి" అని నవ్వారు. సంఘముల సంగతి బాగా ఎరిగినవారి నవ్వు అది.

మరునాడు ప్రొద్దున్నే ప్యాసింజరు రైలులో ఏలూరు బయలుదేరాము. ఉంగుటూరు, చేబ్రోలు, కైకరము, పూళ్ల, భీమడోలు, దెందులూరు. కిటికీలో నుంచి చూస్తే దాళ్వా నాట్లు పడుతున్న చేలు, మధ్య మధ్య చేపల చెరువులు. ఎడమవైపు నేల క్రమక్రమముగా పల్లమై పోతున్నట్లు కంటికి తెలియదు గాని, నీటికి తెలుసు. అటు వైపే కొల్లేరు.

ఏలూరులో మాకు ఉన్నది నాలుగు గంటలే. ఈ ఊరికి ఒక ప్రత్యేకత కలదు. బెజవాడ నుండి వచ్చే కృష్ణ కాలువ, గోదావరి నుండి వచ్చే కాలువ ఈ పట్టణములోనే కలుస్తాయి. రెండు నదులు పేరు చెప్పుకోకుండా ఒక ఊరి మధ్య కలిసిపోతాయన్నమాట. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరు జిల్లా అయినది, పశ్చిమ గోదావరికి భీమవరము ముఖ్య పట్టణమైనది. ఆ దినములలో ఏ మండలము ఎటు పోవాలన్న దానిమీద జరిగిన వాదములు టీ బడ్డీ దగ్గర ఇంకా వినిపించాయి.

తివాచీలు నేసే ఒక ఇంటికి వెళ్లాము. ఈ పని పర్షియా నుండి వచ్చిన ముస్లిము కుటుంబములు తెచ్చినదని చెబుతారు. 1851లో లండనులో జరిగిన గొప్ప ప్రదర్శనకు కూడ ఏలూరు తివాచీలు వెళ్లాయి. ఇప్పుడు ఈ పనిలో మిగిలినవారు బహు కొద్దిమంది. మగ్గము ముందు కూర్చున్న పెద్దాయన ఉన్ని దారము ముడివేసి కత్తితో కోస్తూ మాతో మాట్లాడారు. ముడి, కోత, ముడి, కోత. నేసినవాడి పేరు తివాచీ మీద ఉంటుందా అని మాలో ఒక సహోదరి అడిగింది. "తొక్కేదాని మీద పేరెందుకమ్మా" అన్నారాయన, చెయ్యి ఆపకుండానే.

ఈ ప్రాంతపు సంఘములను గూర్చి చెప్పుకొనేటప్పుడు బిషప్ అజరయ్యగారిని విడిచిపెట్టలేము. ఏలూరులో 19వ శతాబ్దము మధ్యకాలము నుండి సి.యం.యస్. పని ఉన్నది. తరువాతి కాలములో ఈ సంఘములు దోర్నకల్ డయాసిస్‌లో చేరి అజరయ్యగారి పర్యవేక్షణ క్రిందికి వచ్చాయి. ఆయన తమిళులు, తిరునెల్వేలి ప్రాంతములో ఒక పల్లె పాదిరిగారి కుమారుడు. నేషనల్ మిషనరీ సొసైటీకి కార్యదర్శిగా దేశమంతటా తిరిగిన వ్యక్తి. అటువంటి పదవిని వదలి, 1909లో, భాష తెలియని తెలుగు పల్లెలకు మిషనరీగా వచ్చారు. 35 ఏండ్ల వయస్సులో మన అక్షరాలు దిద్దుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించినప్పుడు, ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానమునకు వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక భారతీయుని క్రింద పనిచేయడమా అని కొందరు దొరలు అభ్యంతరపడ్డారు. ఆయన మాత్రము 1945లో దోర్నకల్‌లో కన్నుమూసే వరకు మాలపల్లెలు, మాదిగపల్లెలు తిరుగుతూనే ఉన్నారు. మా అభిప్రాయములో ఆయన గొప్పతనము 1912లో కాదు, 1909లో ఉన్నది. పెద్ద పదవి వచ్చిన తరువాత వినయముగా ఉండుట కష్టమే గాని, ఉన్న పదవిని ఎవరూ అడగకుండానే దించుకొని రావడము అంతకంటె కష్టము.

మధ్యాహ్నము కైకలూరు రోడ్డున ఆటోలో లంక గ్రామమునకు బయలుదేరాము. ఊరు దాటిన కొంతసేపటికి చెట్లు పలచబడి, రెండు ప్రక్కల గట్లు మొదలయ్యాయి. గట్టు తరువాత గట్టు. కొల్లేరు చూడాలని వచ్చినవారికి ముందు కనబడేది సరస్సు కాదు, చెరువు గట్లే.

కొల్లేరు ఎలా ఏర్పడినదో పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు ఇలా చెప్పవచ్చును. కృష్ణ ఒక ప్రక్క, గోదావరి ఒక ప్రక్క వండ్రు పోసి నేలను ఎత్తుచేసుకుంటూ పోయాయి. మధ్య నేల పల్లముగా మిగిలిపోయింది. మిగిలిపోయిన ఆ పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో కాలువలు, డ్రెయినులు వచ్చి దీనిలో పడతాయి. బయటకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి, అది సముద్రములో కలుస్తుంది. ఎగువ నుండి వరద వచ్చినప్పుడు ఈ పల్లము ఆ నీటిని తనలో ఉంచుకొని మెల్లమెల్లగా వదులుతుంది. ఎండాకాలములో కుంచించుకుపోతుంది, వానాకాలములో పరచుకుంటుంది. పల్లముగా ఉండుటయే దాని పని. ఆ పల్లములో కొంత ఎత్తుచేసి మనము గట్టు వేసుకుంటే, అంతమేర నీరు మరొకరి ఇంట్లోకి పోవలసిందే.

పూర్వము ఇక్కడి మత్స్యకారులు తాటిదోనెలలో తిరుగుతూ, మావులు వేసి మట్టగిడసలు, కొరమీనులు, వాలుగలు పట్టుకొనేవారు. 1970లలో ప్రభుత్వము సహకార సంఘాలు ఏర్పరచి పేదలకు చెరువులు ఇచ్చింది. మంచి ఉద్దేశమే. కాని కొంతకాలానికి ఆ చెరువులు లీజుల పేరిట డబ్బున్న చేతులలోకి పోయాయి. శీలావతి, బొచ్చె పెంచి ఐసు వేసి కలకత్తాకు, అస్సాముకు లారీలు నింపారు. గట్లు పెరిగాయి. 1999లో ఐదవ కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసర్ ఒప్పందపు జాబితాలో చేరింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట యంత్రాలు పెట్టి గట్లు తెగ్గొట్టారు. అప్పుడు పెద్దలతోపాటు చిన్నవారి బ్రతుకులు కూడ దెబ్బతిన్నాయని లంకలవారు నేటికీ చెబుతారు. ఆ తరువాత చాలాచోట్ల గట్లు మరల లేచాయి. ఎవరిని అడిగినా గట్టు వేసినది ప్రక్క ఊరివాడే.

పెద్ద ఎడ్లగాడి వంతెన మీద ఆటో ఆపి దిగాము. క్రింద గుర్రపుడెక్క పచ్చగా అల్లుకొని ఉన్నది. అవతల కిక్కిస పొదల మీదుగా గూడబాతులు బారులు తీరి పోతున్నాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో వీటి కేంద్రము ఉన్నదని, వేలాదిగా గూళ్లు పెడతాయని ఆటో అబ్బాయి చెప్పాడు. 2024 సెప్టెంబరు మొదటి వారములో ఈ రోడ్డంతా మునిగింది. బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే నీట మునిగిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ నీరంతా తరువాతి దినములలో వచ్చి చేరింది ఇక్కడికే. ఏలూరు కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మేము వచ్చిన పని వెనుక ఉన్నది కూడ ఆ వరదే.

గ్రామములో పాస్టరుగారి ఇంట్లో కాళ్లు కడుగుకొని కూర్చున్న తరువాత ఆయన సంగతి చెప్పారు.

ఆ సంఘములో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. తండ్రి నుండి వచ్చిన జిరాయితీ భూమిలో ఇద్దరికీ కలిపి ఒక చేపల చెరువు. పెద్దాయన సంఘపెద్ద, చాలా ఏండ్లుగా కోశాధికారి. వరద వచ్చిన రాత్రి ఆయన ఏలూరులో చిక్కుకుపోయారు, ఫోను అందలేదు. చెరువు గట్టుకు ఎగువన, డ్రెయిను ప్రక్కన, కూలి పనులకు వచ్చి పాకలు వేసుకొన్న తొమ్మిది కుటుంబములు ఉన్నాయి. వారిలో మన సంఘస్థులు ఒక్కరూ లేరు. డ్రెయిను పూడిపోయి నీరు పోవడానికి దారి లేక పాకలలో మొలలోతు నిలిచింది. అడ్డుగా ఉన్నది ఈ అన్నదమ్ముల గట్టు. అర్ధరాత్రి తమ్ముడు పార తీసుకొని, ఇంకో ఇద్దరిని పిలిచి, గట్టు తెగ్గొట్టాడు. తెల్లవారేసరికి పాకలలో నీరు తీసింది. చెరువులో పట్టుబడికి సిద్ధముగా ఉన్న చేప అంతా కొల్లేటిలోకి పోయింది. తవుడు, చెక్క అరువు తెచ్చిన బాకీ మాత్రము మిగిలింది.

అక్కడి నుంచి సంఘము రెండయింది. కొందరు తమ్ముణ్ణి ఆకాశానికెత్తారు. కొందరు అన్న తరపున మాట్లాడారు. 2024 క్రిస్మసునాడు ఆరాధన ఒక్కటిగానే జరిగినా, భోజనములు రెండుచోట్ల వండుకున్నారట. ఆదివారము ఆరాధన తరువాత సంఘ కమిటీ ఎన్నికలు. తమ్ముణ్ణి కోశాధికారిగా నిలబెట్టాలని ఒక గుంపు ఇల్లిల్లు తిరుగుతున్నది.

శనివారము ఉదయము అన్నగారి ఇంటికి వెళ్లాము. ఆయన మర్యాదగా కుర్చీలు వేయించి, కాఫీ ఇప్పించారు. చాలాసేపు వాతావరణము మాట్లాడి, చివరకు అన్నారు: "అయ్యగారూ, వాడు తగ్గించుకున్నాడని అందరూ అంటున్నారు. తగ్గింది నేనండి. మా అమ్మాయి పెళ్లి ఏప్రిల్‌కనుకున్నాము, ఇప్పుడు ఎప్పటికో తెలియదు. నా సొమ్ముతో వాడికి వినయం వచ్చింది." ఆ మాటకు మాలో ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు. దానిలో కోపమున్నది గాని అబద్ధము లేదు.

తమ్ముడు ఇంట్లో లేడు. వేరొకరి చెరువులో పట్టుబడి జరుగుతుంటే వల లాగడానికి కూలికి వెళ్లాడు. గట్టు తెగిన నాటినుండి అలాగే వెళ్తున్నాడని, కూలి డబ్బు వారము వారము వదినగారి చేతికిచ్చి వస్తున్నాడని అతని భార్య చెప్పింది. అన్నగారు ఆ డబ్బు వద్దనలేదు, తమ్మునితో మాట్లాడనూ లేదు. మధ్యాహ్నము అతడు బురద కాళ్లతో వచ్చాడు. అన్నను అడగకుండా చేశావు గదా అంటే, "సగమే నాదని తెలుసండి. సగం గట్టు తెంపడం ఎలాగో తెలియలేదండి" అన్నాడు. అంతకుమించి ఆ రాత్రి గూర్చి మాట్లాడలేదు.

ఆ సాయంకాలము కూడికలో మేము అనుకొన్న ప్రసంగము ప్రక్కన పెట్టాము. పౌలుగారు ఆ పత్రికను బంధకములలో నుండి వ్రాశారు. మొదటి అధ్యాయములోనే, తనమీద పోటీతో క్రీస్తును ప్రకటించేవారు ఉన్నారని చెప్పారు. నాల్గవ అధ్యాయములో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలను పేరుపెట్టి ఏకమనస్సుతో ఉండమని బతిమాలారు. కాబట్టి ఫిలిప్పీ సంఘము కూడ రెండుచోట్ల వంట చేసుకొనే స్థితికి దగ్గరగా వచ్చిన సంఘమే. రెండవ అధ్యాయము మూడవ వచనములో కక్ష అని మనకు తర్జుమా అయిన గ్రీకు మాటకు, కూలికి పనిచేయడము అనే మూలము నుండి, పదవి కొరకు మనుషులను కూడగట్టుకోవడము అనే అర్థము కూడ వచ్చిందని పండితులు చెబుతారు. ఇది చెప్పినప్పుడు వెనుక వరుసలో నలుగురైదుగురు తలలు వంచుకొన్నారు. ఎన్నికల కొరకు ఇల్లిల్లు తిరిగినవారెవరో మాకు అప్పుడు తెలిసింది.

నాల్గవ వచనము దగ్గర ఎక్కువసేపు ఆగాము. తన సంగతి చూచుకోవద్దని అపొస్తలుడు చెప్పలేదు. తన సంగతి మాత్రమే కాక ఇతరుల సంగతి కూడ చూడమన్నాడు. ఆ "కూడ" అన్న మాటలో అన్నగారి కుమార్తె పెళ్లి ఉన్నది, తొమ్మిది పాకలూ ఉన్నాయి. ఆ రాత్రి గట్టు తెగవలసిందేనని మేము నమ్ముచున్నాము, అక్కడా అలాగే చెప్పాము. పసిబిడ్డలున్న పాకలకంటె చేప గొప్పది కాదు. కాని ఆ నష్టము ఒక్క ఇంటిమీద వదిలివేసి, తమ్ముణ్ణి పొగడుతూ చప్పట్లు కొట్టిన సంఘమును గూర్చి పౌలుగారు ఏమనేవారు? పొగడినవారిలో ఆ బాకీకి ఒక్క బస్తా తవుడు ధర అయినా ఇచ్చినవారు ఎవరు? ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినప్పుడు తువాలు తాను కట్టుకొన్నాడు గాని, మరొకరి నడుముకు కట్టి చూడండని చూపించలేదు. ఇలా అడిగినందుకు కొందరికి నొప్పి కలిగింది. కూడిక అయిన తరువాత ఒకాయన మాతో చెప్పకుండానే వెళ్లిపోయారు.

ఆదివారము ఆరాధన తరువాత స్త్రీలు, పిల్లలు కూడ కూర్చొని ఉండగానే ఎన్నిక పెట్టారు. కోశాధికారి వంతు రాగానే ఒకరు లేచి తమ్ముని పేరు చెప్పారు. మరొకరు బలపరిచారు. అన్నగారు ముందు వరుసలో, లెక్కల పుస్తకము ఒళ్లో పెట్టుకొని, ఎటూ చూడకుండా కూర్చున్నారు. చేతులు ఎత్తితే తమ్ముడే గెలుస్తాడని అక్కడ అందరికీ తెలుసు. అతడు వెనుక తలుపు దగ్గర నుంచి లేచాడు.

"నాకు లెక్కలు రావండి. అన్నయ్యకే వచ్చు" అని కూర్చున్నాడు.

మరల ఎవరో బలవంతపెట్టబోతే పాస్టరుగారు చెయ్యి అడ్డుపెట్టి, వేరే పేరున్నదా అని అడిగారు. లేదు. అన్నగారి పేరు వ్రాసుకొన్నారు. చప్పట్లు లేవు. తరువాత స్త్రీల సమాజమువారు లేచి, పాకలవారి గట్టు బాకీ అని వేరే ఒక పెట్టె పెట్టాలని, పంటలు వచ్చేవరకు ప్రతి ఇంటి నుంచి పిడికెడు బియ్యము తీయాలని తీర్మానము చెప్పారు. పాకలలోని ఒక ముసలామె గుమ్మము బయట నిలబడి ఇదంతా వింటున్నది. లోపలికి రమ్మంటే రాలేదు.

సోమవారము ప్రొద్దున మేము సంచులు సర్దుకొని రోడ్డు మీద ఆటో కొరకు నిలబడి ఉండగా అన్నగారు సైకిలు మీద వచ్చారు. దండము పెట్టి, ప్రయాణము గూర్చి అడిగి, కొంచెము తటపటాయించి అన్నారు: "చెరువులో మళ్లీ పిల్ల వేశామండి. బుధవారం తవుడు లోడు వస్తుంది. దింపడానికి మనిషి కావాలని వాడికి చెప్పండి."

"మీరే చెప్పకూడదాండి?" అన్నాము.

ఆయన సైకిలు గంట ఊరికే ఒకసారి నొక్కి, "మీరు చెప్పండి" అన్నారు.

ఆటోను ఆగమని, మాలో ఇద్దరము తమ్ముని ఇంటికి వెళ్లాము. అతడు వాకిట్లో కూర్చొని చిరిగిన వల కుట్టుకొంటున్నాడు. సంగతి చెప్పాము. సూది ఆపి కాసేపు మా ముఖముల వంక చూచాడు.

"ఎన్ని బస్తాలన్నారండి?" అని అడిగాడు.